ఏ నోమోస్, అత్తమ్మా?

ఆదివారం మధ్యాహ్నం బొల్లారంలో మా ఇంటి హాల్లో కూర్చుని చర్చిలో స్త్రీల కూటానికి బైబిలు పాఠం సిద్ధం చేస్తున్నాను. గ్రీకు మాటలు పైకి పలికితేనే నాకు గుర్తుంటాయి. "నోమోస్, నోమోస్" అనుకుంటుండగా మా తోటికోడలు శ్రీలలిత తల్లి కామాక్షి పిన్ని బోయిన్‌పల్లి నుంచి వచ్చింది.

"ఏందీ హదస్సా, నేను సుత నోము సంగతికే వచ్చిన. మీ బైబిల్ల గూడ నోములున్నయా?"

"పలకడానికి ఒక్కతీరుంటయి పిన్నీ, చుట్టరికం లేదు. నోమోస్ అంటే ధర్మశాస్త్రం."

పిన్ని మా అత్తమ్మ మేబెల్ పక్కన కూర్చుంది. "శుక్రవారం నోముకుంటున్న వదినా. బిడ్డను పంపు. పూజల కూసోమంటలేను. నా చేత్తోని ఇంత బొట్టు పెట్టి వాయనమిస్త."

"పంపుత వదినా. బొట్టు మాత్రం వద్దు. ధర్మశాస్త్రం ఒప్పుకోదు."

టీ తెస్తున్న శ్రీలలిత గుమ్మంలోనే ఆగిపోయింది. పెళ్లయ్యాక అమ్మ చేతి బొట్టు లేదు. ఒక్కరోజుకైనా అత్తమ్మను ఒప్పించమని నన్ను ఎన్నోసార్లు అడిగింది.

"ఏ నోమోస్ ఒప్పుకోదు అత్తమ్మా?" అన్నాను.

"ఎన్నున్నయేంది?"

"మాట ఒక్కటే. ఒక తాన మోషే అయిదు పుస్తకాలు. ఒక తాన యేసుప్రభువు కీర్తనల మాట చెప్పి, అది సుత ధర్మశాస్త్రమే అన్నడు. అంటే లేఖనమంతా. పౌలు తన ఒంట్ల ఇంకో నోమోస్ ఉన్నదని రాసిండు. ఆడ మనోళ్లు నియమం అని తర్జుమా చేసిన్రు. మరి బొట్టు సంగతి మోషే ఏడ రాసిండు?"

"మోషే కాలంల కుంకుమ ఏడిది? మా అత్త పెట్టుకోవద్దన్నది, నేను పెట్టుకోలే."

"అయితే గది మనింటి నియమం. మోషే రాసింది మార్చేటందుకు నేనెవరిని? ఇంటిది మార్చేటందుకు మీరున్నరు."

"ఇగ చెప్పు వదినా!" అని పిన్ని నవ్వింది.

అత్తమ్మ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, గుమ్మంలో ఉన్న కోడలి నుదుటి వైపు చూసింది.

"చిన్నగ పెట్టు వదినా. ఆదివారం చర్చికొచ్చేసరికి మాత్రం ఉండొద్దు. హదస్సా, రాసుకో, ఇది మేబెల్ నోమోస్."

నేను నియమం అనే రాసుకున్నాను.