మునేటికి సరిపడే తలలు

మా వారు వరప్రసాదరావుగారు నందిగామలో ప్లీడరు. కోర్టు లేని రోజు మునేటి ఒడ్డున చేపలు పడతారు. ఆయన చేపలు పడతారన్నది ఊరంతటికీ తెలుసు. ఆయన గాలాలు కట్టేది నేనన్న సంగతి మాత్రం మా ఇంటి గుమ్మం దాటలేదు.

గాలం మెడ దగ్గర సీసం పోసి చిన్న తలలా చేస్తారు. ఆ తల వెనక కోడీకలు పేర్చి, పట్టుదారంతో బిగించి కడితే నీళ్ళలో చేపపిల్లలా కదులుతుంది. వాలుగ దాన్ని నిజమనుకుని మింగుతుంది. పైమెరుపు చూసి మింగేయడమంటే ఏమిటో నాకొకరు చెప్పనక్కర్లేదు, పెళ్ళయి ఏడేళ్ళయింది.

1962 మాఘమాసంలో మా ఊరి ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. నేను లెక్కల్లో బి.ఏ. ప్యాసయ్యాను. ఆ పట్టా ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల వాసన పీలుస్తోంది. బడి కమిటీ ప్రెసిడెంటు దశరథరామయ్యగారు రిటైరైన ఇంజనీరు, చేపల పిచ్చి ఉన్న మనిషి.

"ఆయనకో డజను గాలాలు కట్టివ్వు" అన్నారు మా వారు. "శనివారం కాఫీకి పిలుస్తా. డబ్బా చేతిలో పెట్టి నీ ఉద్యోగం సంగతి కదుపుతా."

మర్నాడే జగ్గయ్యపేట బస్సెక్కాం. అక్కడ కళాయి పోసే నూర్ మహమ్మద్ వలలకు సీసం గుళ్ళు, గాలాలకు తలలు పోస్తాడు.

"ఏ నీళ్ళకమ్మా?" అన్నాడు.

"మునేటికి."

"అయితే ఈ అరతులం తలలు తీసుకోండి. ఇప్పుడు మునేట్లో మోకాలి లోతేగా, అడుగంతా రాళ్ళు. బరువు తల వేశారా, రాళ్ళ సందులో దూరి కూర్చుంటది, ఇహ లేవదు. రెండు తులాలవి ముక్త్యాల కాడ కిష్ణకండీ, అక్కడ లోతెక్కువ, తేలికవి అడుక్కి దిగవు."

మా వారు రెండు తులాల తలను అరచేతిలో ఎగరేసి చూశారు. "సాయిబూ, దశరథరామయ్యగారంతటి మనిషికి శనగగింజంత తల ఇస్తే ఏం బావుంటుందయ్యా? పెద్దవే తియ్యి."

"మునేటికి ఆయన హోదా తెలీదు కదండీ" అన్నాను.

"నువ్వూరుకో. మనిషిని బట్టి మర్యాద."

పన్నెండూ ఆయనే ఏరారు. ఆయన సిగరెట్టు కోసం రోడ్డు దాటగానే, నూర్ మహమ్మద్ పన్నెండు అరతులం తలలు పొట్లం కట్టి నా సంచిలో వేశాడు. "ఉంచండమ్మా, పనికొస్తయ్" అన్నాడు.

నాలుగు రోజులు కూర్చుని ఇరవై నాలుగూ కట్టాను. మా అత్తగారు రాఘవమ్మ వసారాలోంచి చూస్తూ, "బి.ఏ. చదివిన కోడలొచ్చిందని ఊరంతా చెప్పుకున్నా. దాని చదువేందో గానీ కోళ్ళు మాత్రం దాన్ని చూస్తే పారిపోతన్నయ్" అంది.

బరువువి ఒక బిస్కెట్ డబ్బాలో, తేలికవి అలాంటిదే మరో డబ్బాలో సర్దాను. శనివారం తేలిక డబ్బా అందిస్తాను. మర్నాడు ఏట్లో వాలుగలు పడుతుంటే తలలెందుకు చిన్నవని ఎవరూ అడగరు. అదీ నా ఎత్తు.

దశరథరామయ్యగారు వచ్చారు, కాఫీ తాగారు. నేను తేలిక డబ్బా పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. మా వారికి కదిపే శ్రమ కూడా లేకుండా ఆయనే అడిగారు.

"మీ ఆవిడ లెక్కల్లో బి.ఏ. అటగా ప్రసాదరావ్? ఎల్లుండి మా కమిటీ. పంపుతావేమిటి?"

"అబ్బే, ఆవిడకి ఇంట్లో పనే తెమలదండీ" అన్నారు మా వారు. "అయినా మనకేం తక్కువని ఆడాళ్ళని ఉద్యోగాలకి తోలతామండీ? ఏమే, ఆ డబ్బా ఇలా పట్రా! వారం నుంచి కూర్చుని నా చేత్తో కట్టానండీ."

నేను లోపలికి వెళ్ళాను. తేలిక డబ్బా ట్రంకుపెట్టెలో పెట్టి, బరువుది తెచ్చి ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం మా వారు నడుం దాకా తడిసి, మోకాళ్ళు గీరుకుపోయి వచ్చారు.

"పన్నెండూ పోయాయి. వేసింది వేసినట్టు రాళ్ళలో ఇరుక్కుంది. ఆయన ఒడ్డున నిలబడి దారం లాగటం, నేను దిగి రాళ్ళ కింద వెతకటం."

"అయ్యో" అన్నాను. తువ్వాలు అందించాను.

"కట్టు మాత్రం భేషుగ్గా ఉందన్నారు."

"మీ చేత్తో కట్టారు కదా మరి."

ఆయన తల తుడుచుకోవడం చాలాసేపు సాగింది. "ఈ తలలు ఏరిందెవరయ్యా అని మండిపడ్డారు. నోటికొచ్చింది చెప్పేశా."

"ఏమని?"

"మా ఆవిడేనండీ అన్నా."

వసారాలో మా అత్తగారి రోకలి ఆగింది.

"దానికాయన ఏమన్నారు?"

"'లోతెంతో బరువెంతో చూసుకోని మనిషి పిల్లలకి లెక్కలేం చెబుతుందయ్యా? నువ్వు వద్దన్నా రేపు కమిటీలో ఆవిడ పేరే పెడదామనుకున్నా, నయమైంది' అన్నారు." తువ్వాలు దండెం మీద వేశారు. "పోనీలే, ఎలాగూ నువ్వు వెళ్ళేదానివి కాదుగా. వచ్చే ఆదివారం ముక్త్యాల పోదామన్నారు. మళ్ళీ ఓ డజను కట్టు. ఈసారి తలలు చిన్నవి ఏరతా."

కృష్ణకి చిన్నవి.

"ఏరండి" అని అన్నం వడ్డించడానికి లేచాను.