మెడ తెగిన మంచు గుర్రం

ఆ ఏడు గుర్రం మెడ మూడు వారాలు ముందే తెగింది.

ఎంగడీన్ లోయలో, ఊరికి ఎదురుగా ఉన్న కొండ మీద మంచు కరుగుతూ కరుగుతూ చివరికి గుర్రం ఆకారంలో మిగులుతుంది. దాని మెడ తెగి నల్లరాయి బయటపడిన మర్నాడే ఆవుల్ని పైమేతకు తోలాలి. మూడు తరాలుగా అదే లెక్క. ఎప్పుడూ జూన్ రెండో వారం. ఈసారి మే ఇరవై.

మర్నాడు పొద్దున లదీనా ముప్పై ఎనిమిది ఆవులతో వాగు దగ్గర ఆగిపోయింది. చలికాలంలో పైనుంచి కూలిపడే మంచు ఆ వాగును కప్పేసి ఏటా వాళ్లకు వంతెన అవుతుంది. ఆమె చేతికర్రతో పొడిచింది. కర్ర సులువుగా దిగింది. అడుగున నీళ్ల హోరు.

"చుట్టుదారిన పోదాం మామయ్యా."

"రెండు గంటలు దండగ," ఆమె భర్త తండ్రి బాల్ట్‌సర్ విసుక్కున్నాడు. "మెడ తెగిన మర్నాడు దీని మీద రైలునైనా నడిపించొచ్చు. మా నాన్న నడిపించాడు."

"రైలునా?"

"ఆవుల్నే! ఈ ఏడు మందకు పెద్ద నువ్వే కావచ్చు, మంచు సంగతి మాత్రం నాకు నేర్పకు."

"ఈ చలికాలం ఇక్కడ మంచు ఎన్నిసార్లు కూలింది?"

"ఒక్కసారి."

"మామూలుగా?"

ముసలాయన నేరుగా మంచు మీదికి నడిచాడు. ఆయన వెనకే నడవడం అలవాటైన, మందను నడిపించే పెద్దగంట ఆవు కూడా కదిలింది. లదీనా దాని మెడపట్టాను రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

"ఆగవే! నీకేం తొందర?"

వంతెన నడుమ 'థప్' మని చప్పుడైంది. బాల్ట్‌సర్ కాళ్ల కింద మంచు జానెడు కుంగింది.

"కదలకండి! బోర్లా పడుకోండి! పాక్కుంటూ రండి!"

ఏనాడూ కోడలి మాట వినని మనిషి పడుకున్నాడు. మోచేతుల మీద పాకాడు. లదీనా ఆయన కాలర్ అందుకుని ఒడ్డుకు లాగిన క్షణంలో వంతెన నడుమభాగం ఊడి వాగులో పడింది.

ఆయన లేచి కూర్చుని ఎదురుకొండ వైపు చూశాడు.

"గుర్రం అబద్ధం చెప్పింది."

"అది దాని సంగతే చెప్పింది మామయ్యా. దాని మంచు ఎండకు పోయింది. ఇక్కడ పైనుంచి అసలు మంచే సరిగ్గా కూలలేదు. ఒకప్పుడు రెండూ ఒకే లెక్కన నడిచేవి, అంతే."

"మరి వచ్చే ఏడు ఏం చూసి బయల్దేరాలి?"

లదీనా పెద్దగంట ఆవును చుట్టుదారి వైపు తిప్పింది. ముసలాయన పక్కకు తప్పుకుని, ఆవులన్నీ దాటేదాకా నిలబడి, ఆఖరున నడిచాడు.