కూర్చున్న కొలత

రెండో కాలు సగం దాకా ఎక్కి అక్కడే ఆగిపోయింది. కట్లమ్మ మంచం అంచు పట్టుకుని, పళ్ళు బిగించి, ఆ నల్లటి బిగుతు లెగ్గింగుని మోకాలి మీదుగా పైకి లాగింది. లోపల నూలుది, మధ్యలో ఈ బిగుతుది, పైన వదులు పైజామా.

"దిండుకైనా ఒక్క గలేబే తొడుగుతామే. నీ కాళ్ళకి ఎన్ని తొడుగుతావు?" అంది పొయ్యి దగ్గర్నించి అత్తగారు.

"మూడు, అత్తయ్యా. చలి నాలుగోది కూడా అడుగుతోంది."

కట్లమ్మకి సొంత పేరు లేకపోలేదు, డ్యూటీ పుస్తకంలో భద్రంగా ఉంది. గడప దాటలేని వాళ్ళ ఇళ్ళకి సైకిలు మీద వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు కడుతుంది కాబట్టి ఊరంతటికీ కట్లమ్మే. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. సైకిలు నేర్పింది మొగుడు. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. ఆయన ఎక్కడో వదిలేశాడని తెలియక, వీధి చివరిదాకా ఆయనతో కబుర్లు చెప్పుకుంటూనే తొక్కింది. ఆయన పోయి పద్నాలుగేళ్ళు. ఎదురుగాలి మరీ ఎక్కువైతే ఇప్పటికీ ఏదో ఒకటి చెబుతూనే తొక్కుతుంది.

ఈ శీతాకాలం మోకాళ్ళు మొరాయించాయి. పోయిన నెల బట్టల కొట్లో మూడు రకాలు ముందు పరిచారు. ఉన్నిది గుచ్చుకుంటుందనీ, పిక్కల దగ్గర వదులు కాబట్టి సైకిలు చెయినులో పడుతుందనీ వద్దంది. లోపల బొచ్చున్నది మరీ దళసరి, కాలు మడవడమే కష్టం. మూడోది ఈ బిగుతుది. అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఒంటికి చర్మంలా అతుక్కుంది, చూడముచ్చటగా ఉంది, కొనేసింది. తీరా సైకిలెక్కి తొక్కడం మొదలెట్టాక అది మోకాలి వెనక తాడులా చుట్టుకుంది, ముందువైపు చిప్పని బొటనవేలితో అదిమినట్టు అదిమింది. ముందుకి వంగితే నడుము దగ్గర జారి, గాలంతా వీపులోకే.

ఇవాళ పొద్దున ఆవిడని తినేస్తున్నది మాత్రం ఆ నొప్పి కాదు. నిన్నటి వాసన.

టైలరు బాబాయికి కుడి పాదంలో షుగరు పుండు. ఎప్పుడూ నేల మీద మోకాళ్ళు ఆనించి, పాదం పైకెత్తి, అడుగంతా చూసి మరీ కట్టు కట్టేది. నిన్న మోకాళ్ళు వంగేది లేదని భీష్మించుకున్నాయి. స్టూలు మీద కూర్చుని, నడుం వంచి, చేతి అలవాటు మీద కట్టేసింది. అడుగు చూడలేదు. ఏదో వాసన తగిలితే మందుదేలే అనుకుంది. తెల్లవారుజామున మెలకువ రాగానే, అది మందు వాసన కాదని తెలిసిపోయింది.

నాలుగో ఇల్లు కావలసింది ఇవాళ మొదటి ఇల్లయింది. పొగమంచులో పక్కవీధి కూడా కనబడటం లేదు. తొక్కిన ప్రతిసారీ ఎడమ మోకాలు గడియ తీసినట్టు టక్కుమంటోంది. "ఏమీ ఉండదు, నా పిచ్చి గానీ," అని మొగుడికి చెప్పుకుంది. మలుపు తిరిగాక, "ఉంటేనో?" అని తనే అడిగింది.

టైలరు కోడలు తలుపు తీసింది. "ఇంత పొద్దున్నే ఏంటక్కా?"

"దారేగా అని వచ్చా." అబద్ధం. ఆ ఇల్లు ఊరికి ఆ చివర ఉంది.

ఆయన అప్పటికే మిషను ముందు కూర్చున్నాడు. కుడి పాదం దిండు మీద, ఎడమ పాదం పెడల్ మీద. ఇంత చలిలోనూ నుదుటి మీద చెమట. సూది కింద ముదురు నీలం ఉన్ని గుడ్డ.

"రావే, నీదే. కుడికాలు అయిపోయింది."

పోయిన వారం ఆవిడ కుంటడం చూసి ఆయన నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. "అద్దం ముందు నిలబడి కొన్నావా? నువ్వు సైకిలు నిలబడి తొక్కుతావా తల్లీ?" అని, స్టూలు మీద కూర్చోబెట్టి, కాలు ఇటుక మీద పెట్టించి, నడుం నుంచి మడిచిన మోకాలి మీదుగా చీలమండ దాకా టేపు నడిపించాడు. "నిలబడితే ముప్పై ఏడు. కూర్చుంటే ముప్పై తొమ్మిదిన్నర. ఈ రెండున్నర అంగుళాలూ నీ మోకాలు ఎక్కణ్ణించి తెస్తుంది?" మోకాలి ముందు రెండు పొరలు, వెనక పల్చటి ఒక్క పొర, నడుముకి వెనకవైపు నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువ. అన్నీ ఆయనే తేల్చేశాడు.

"ముందు పాదం చూడనీ బాబాయ్."

"ఈ కుట్టు ఒక్కటి..."

ఆవిడ వినలేదు. రెండు మోకాళ్ళూ నేలకి ఆనించింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కట్టు విప్పి, పాదం ఎత్తి చూసింది. చిటికెన వేలి కింద కోటు బొత్తామంత నలుపు. అక్కణ్ణించి చీలమండ మీదుగా పైకి పాకుతూ ఎర్రటి గీత.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"నేల మీద కూర్చున్నావంటేనే అనుకున్నా," అన్నాడాయన మెల్లిగా.

"నిన్న నేను అడుగు చూడలేదు బాబాయ్. వంగలేక..."

"తెలుసులే. స్టూలెక్కి కూర్చున్నావుగా. అందుకే ఇది నీకు తొందరగా ఇద్దామని నిన్నట్నుంచి మిషను దిగలేదు నేను."

ఆవిడ దూది తడిపి తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"ఆస్పత్రికి వెళ్ళాలి. ఇప్పుడే."

"కోసేస్తారా?"

ఆవిడ గుడ్డ చుట్టింది.

"మధ్యాహ్నం దాకా ఆగవే. ఎడమకాలు ఒక్కటే మిగిలింది. ఒంటికాలి పైజామా కుట్టిచ్చాడని నలుగురూ నవ్వరూ?"

ఇద్దరూ ఆ నీలం గుడ్డనే చూశారు.

"సరే. మధ్యాహ్నం వస్తా," అంది కట్లమ్మ.

వంటింట్లోకి వెళ్ళి కోడలి చెవిలో సంగతి చెప్పింది. అక్కణ్ణించే ఆస్పత్రికి ఫోన్ చేసింది. "వాన్ అరగంటలో వస్తుంది. వచ్చాకే బాబాయికి చెప్పు. మీ ఆయన్ని వెంట వెళ్ళమను." తను ఉండిపోదామనే అనుకుంది. కానీ అవతలి వీధిలో ఇన్సులిన్ సూది పడేదాకా ఏమీ తినకుండా ఒక ముసలావిడ కాచుకుని ఉంటుంది. గుమ్మం దాటుతుంటే వెనక మిషను మళ్ళీ మొదలైంది. తొందర తొందరగా తొక్కుతున్నాడు.

ముసలావిడకి సూది పొడిచింది. ఒకరికి వీపు పుండు కడిగింది, ఇంకొకరికి తొడ మీద కుట్లు తీసింది. "ఏంటమ్మా ఇవాళ, మూగనోము పట్టావా?" అన్నాడు కుట్లు తీయించుకున్నాయన. నవ్వొచ్చినట్టు చేసింది. వంతెన మీద తెల్లటి వాన్ ఎదురైంది. సైకిలు దిగి పక్కకి నిలబడింది. అద్దాలకి ఆవిరి పట్టి ఉంది, లోపల ఎవరూ కనబడలేదు. అది పోయాక కూడా చాలాసేపు కాలు పెడల్ మీదికి లేవలేదు.

మధ్యాహ్నం అన్న మాట ప్రకారమే వెళ్ళింది.

కోడలు గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోను.

"వాన్ చప్పుడు వినగానే మామయ్యగారే అన్నారక్కా, 'ఫోన్ చేసేసిందన్నమాట. మంచిపనే చేసిందిలే' అని."

"ఊఁ."

"దారంతా మాట్లాడుతూనే ఉన్నారట. ఆస్పత్రి గేటు దగ్గర దించబోతే ఊపిరి లేదట." ఫోను తిప్పి బోర్లా పెట్టింది. "ఇప్పుడే మా ఆయన చెప్పారు."

కట్లమ్మ ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసింది. తర్వాత లోపలికి వెళ్ళింది. దిండు మీద పాదం గుంట ఇంకా లేవలేదు. మిషను మీద నీలం ఉన్ని, పూర్తయిన కాలు ఇటువైపు వేలాడుతోంది. రెండోది గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం కిందే ఉంది.

"తీసిస్తానక్కా. నీదేగా," అంటూ కోడలు మిషను మీద చెయ్యి వేయబోయింది.

కట్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇప్పుడే వస్తానని లేచే టైలర్లు కుట్టు జరగకుండా సూదిని గుడ్డలోనే దించి వెళతారు. సరిగ్గా మోకాలు మడిచే చోట, రెండు పొరల్లోంచీ అది అలాగే దిగి నిలబడి ఉంది.