సొరుగులో రెండు ఫోన్లు

సంధ్యారాణి పొద్దున రాగానే చేసే మొదటి పని ఫోన్ ఆపడం. చెప్పులు విడిచి, చున్నీ సర్దుకుని, అందరూ చూస్తుండగా స్విచాఫ్ చేసి కౌంటర్ సొరుగులో పెట్టేది. మళ్లీ సాయంత్రం పని ముగిశాకే తీసేది. దేవుడి గూట్లో దీపం పెట్టినంత శ్రద్ధ. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే కలర్ ల్యాబ్. ఫోటోగ్రాఫర్లు తెచ్చిపడేసిన వేల ఫోటోల్లోంచి మంచివి ఏరి, కంప్యూటర్‌లో పేజీలు కట్టడం మా పని. ఓనర్ ఇందిరాదేవి గారు ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఎల్‌బీ నగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నామనీ, దాన్ని నా చేతికే ఇస్తాననీ ఉగాదికి మాటిచ్చారు. మా ఆవిడ సుజన ఆ మాటను అప్పుడే మేముండే చంపాపేట్ అంతా చాటింపు వేసింది. ఇక కుర్చీ నాదే అనుకుంటున్న రోజుల్లో ఈ పిల్ల వచ్చి పక్క కంప్యూటర్ ముందు కూర్చుంది.

నేను ఒక పేజీ కట్టేలోపు ఆమె రెండు కట్టేది. తప్పులుండేవి కావు. "చూడు కొండలూ, తల ఎత్తకుండా ఎలా చేస్తోందో" అని మేడం మురిసిపోయేవారు. తల ఎత్తకపోవడం కూడా ఒక గొప్పేనా? అది మెడనొప్పికి దారి అని నాలో నేనే అనుకునేవాణ్ణి.

నా సంగతి వేరు. నా ఫోన్ కీబోర్డు పక్కనే ఉండాలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఎక్కడ రాస్తారోకో, ఎవరిని అరెస్టు చేశారు, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, ఏ వార్తయినా ఎస్సెమ్మెస్‌గా ముందు నాకు రావాలి, నేను పదిమందికీ పంపాలి. నేను పంపకపోతే తుర్కయంజాల్‌లో మావాళ్లకు ఎలా తెలుస్తుంది? దానికి తోడు కొత్తగా ఫేస్‌బుక్ ఒకటి అంటుకుంది. నేను ఒక పూట ఫోన్ ఆపితే ఉద్యమం ఒక పూట వెనకబడుతుందని నాకు గట్టి నమ్మకం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"తెలంగాణ మొత్తం రోడ్ల మీదికొచ్చింది. నువ్వేమో ఫోన్ బంద్ చేసి కూసుంటవ్. నీకు జర కూడ పట్టదా?"

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "నిన్న డ్యూటీ అయినంక మా అమ్మ, నేను ఎల్‌బీ నగర్ చౌరస్తల కూసున్నం అన్నా, రాస్తారోకోల. నువ్వు ఏ దిక్కు కూసున్నవ్? కనవడలే."

నేను ఆ సమయానికి ఇంట్లో మంచం మీద కూర్చుని ఆ రాస్తారోకో గురించే మెసేజ్‌లు పంపుతున్నాను. పనిలో ముందు, ఉద్యమంలోనూ ముందే. ఈ పిల్ల నాకేం మిగిలిస్తుంది?

ఆ వారమే నా కొంప మునిగింది. రెండు పెళ్లిళ్ల ఫోటోలు ఒకేసారి తెరిచి పెట్టుకుని పని చేస్తూ, మధ్యలో ఏదో మెసేజ్ వస్తే చదివి, నవ్వి, పంపి, మళ్లీ పనిలో పడ్డాను. ఆల్బమ్ అచ్చయి వెళ్లిపోయింది. మర్నాడు పెళ్లికూతురి మేనమామ దాన్ని చంకలో పెట్టుకుని వచ్చి కౌంటర్ మీద పరిచాడు.

"మేడం, మా పిల్ల నెత్తి మీద తలంబ్రాలు పోస్తుండు, గీ పిలగాడు ఎవరు?"

ఎవరో నాకు తెలుసు. హయత్‌నగర్ పెళ్లికొడుకు. మెరూన్ షేర్వానీలో చక్కగా నవ్వుతున్నాడు. మేడం ఆయనకు కాఫీ తెప్పించి, క్షమాపణ చెప్పి పంపి, నన్ను పిలిచారు.

"ఇంకో పెళ్లికొడుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టావేంటయ్యా? ఇలాగైతే నీకు బ్రాంచి ఎలా ఇవ్వమంటావు?" ఆర్డర్ల పుస్తకం తిరగేసి తేల్చేశారు. "రేపు కొత్త పెళ్లి ఫోటోలొస్తున్నాయి. పెళ్లికూతురు వాళ్లకొక ఆల్బమ్, పెళ్లికొడుకు వాళ్లకొకటి. నువ్వూ సంధ్యా చెరొకటి చెయ్యండి. ఎవరిది బాగుంటే ఎల్‌బీ నగర్ వాళ్లది. నువ్వు మాత్రం ముందు ఆ ఫోన్ సొరుగులో పడెయ్."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్లతో నాకు పోటీ. అదీ ఆమె పద్ధతిలోనే. అయినా బ్రాంచి పోతే చంపాపేట్‌లో తల ఎత్తుకోలేను. మర్నాడు నా ఫోన్ కూడా ఆపి, ఆమె ఫోన్ పక్కనే పెట్టాను.

మొదట్లో చెయ్యి ఊరికే జేబు మీదికి పోయింది. తొడ దగ్గర ఏదో అదిరినట్టే ఉండేది. ఇవాళ మావాళ్లు నాకోసం ఎంత వెతుక్కుంటున్నారో అనుకున్నాను. ఫోన్ ఆపుతున్నానని సుజనకు కావాలనే చెప్పలేదు. కాస్త కంగారు పడనీ. నా విలువ ఏమిటో అందరికీ ఒక్కసారి తెలిసిరానీ. పక్కన సంధ్యారాణి మౌస్ టకటకమంటుంటే, ఆ చప్పుడు మీదా ఏడుపొచ్చింది.

తర్వాత ఎప్పుడో అదంతా మరిచిపోయాను. నాకు పెళ్లికూతురి వైపు ఆల్బమ్ వచ్చింది. ఫోటోలు ఒక్కొక్కటే చూస్తుంటే ఒకటి గమనించాను. ఆ పిల్ల బాసింగం కట్టినా, మెట్టెలు తొడిగినా, ఓరగా ఒక పక్కకే చూస్తోంది. ఎవరిని అని మిగతా ఫోటోల్లో వెతికాను. ఎక్కడో వెనక, కూలర్ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ. ఏ గ్రూప్ ఫోటోలోనూ లేదు. మెడలో నల్లపూసలు లేవు, నుదుట బొట్టు లేదు. అందుకే మండపం దగ్గరికి రాలేదని అర్థమైంది. ఆవిడ ముఖం పెద్దది చేసి, పెళ్లికూతురు చూపు సరిగ్గా ఆవిడ మీద పడేలా ఎదురెదురు పేజీల్లో పెట్టాను. కరెంటు కోత మొదలయ్యేలోపు ఆల్బమ్ పూర్తయింది. ఎన్నేళ్లయిందో నేను అలా పని చేసి.

మేడం రెండు ఆల్బమ్‌లూ చూశారు. సంధ్యారాణిది కడిగిన ముత్యంలా ఉంది. నాది చూస్తూ ఆ పేజీ దగ్గర ఆగి, చాలాసేపు తిప్పలేదు.

"ఎల్‌బీ నగర్ నువ్వే చూసుకో కొండలూ," అన్నారు.

"నాకైతే గామె కనవడనే లేదన్నా," అంది సంధ్యారాణి. "మస్తు చేసినవ్." ఆ మాటలో వంకర లేదు. ఓడిపోయి కూడా ఏడవకపోవడం ఏమిటి? గెలిచిన ముచ్చట కూడా నాకు దక్కనివ్వదా?

సొరుగు తీసి ఇద్దరం ఫోన్లు ఆన్ చేశాం. ఆమె ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆపకుండా మోగుతూనే ఉంది, ఆపి ఉన్నంతసేపూ ఎవరెవరు ఎన్నిసార్లు ఫోన్ చేశారో వరసగా చెబుతూ. నా తెర మీద సిగ్నల్ నిండుగా ఉంది. కాసేపటికి ఒక్క మెసేజ్ వచ్చింది. కాలర్ ట్యూన్ గడువు అయిపోతోందని కంపెనీ వాళ్లు పంపారు.

"ఎవరు సంధ్యా, గింతమంది?"

"అమ్మ, చెల్లె, మా మేనత్త. అమ్మనే ఎక్కువ చేసింది."

"ఏమన్న అర్జెంటా?"

"ఏం లేదు. ఏం తిన్నవని అడుగుతది."

"నీ ఫోన్ బంద్ ఉంటదని తెల్వదా?"

"తెలుసన్నా. అయినా చేస్తరు. ఆన్ చేసినంక చూస్త గదా, గందుకు."

ఆగిపోయిన ఫోన్‌కి కూడా చేస్తారట. బ్రాంచి నాది. అయినా బటన్లు అరిగిన ఆ డొక్కు ఫోన్ మీద వచ్చినంత ఏడుపు నాకు బ్రాంచి కోసం కూడా ఎన్నడూ రాలేదు.

నా ఫోన్ చెడిపోయిందేమోనని కిందికి దిగాను. పాన్‌డబ్బా దగ్గర కాయిన్ బాక్స్ ఫోన్ ఉంది. రూపాయి వేసి నా నంబరే కొట్టాను. జేబులో పాట మోగింది. ఫోన్ బాగానే ఉంది. చెడిపోయి ఉంటే ఎంత బాగుండేది.

సంధ్యారాణి తల్లితో మాట్లాడుతూ మెట్లు దిగుతోంది. నన్ను చూసి ఆగింది. "అన్నా, నీ ఫోన్ మోగుతుంది."

రిసీవర్ వీపు వెనక దాచాను. "మా ఇంటామెనే. పొద్దటి సంది ఇడుస్తలేదు."

"పాపం, ఎత్తరాదు మరి," అంది. నమ్మేసింది. నమ్మి, నేను ఎత్తేదాకా కదిలేలా లేదు.

ఎత్తాను. "ఆఁ, చెప్పు సుజనా," అన్నాను. నా వీపు వెనక రిసీవర్‌లోంచి నా గొంతే సన్నగా అంది, చెప్పు సుజనా అని.