గోడమీది మంచి మనిషి

ఆ స్టూడియోలో చావు కబురు అందరికంటే ముందు మోసుకొచ్చేది స్టిల్ ఫోటోగ్రాఫర్. డైరెక్టరు నోరు విప్పడు, నిర్మాత ఫోనెత్తడు, కథ రాసేవాడు ఎదురుపడితే ముఖం తిప్పేసుకుంటాడు. ఏదో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఫోటోగ్రాఫర్ మెడలో కెమెరాతో వచ్చి, కాస్త ఆ కిటికీ దగ్గర నిలబడి నవ్వమని అడుగుతాడు. ఆ నవ్వును పెద్దది చేసి, ఫ్రేము కట్టి, హాలు సెట్లో గోడకు తగిలిస్తారు. నవ్వినవాళ్ల పాత్ర ఆ వారంలోనే మెట్ల మీంచి జారిపడుతుంది, లేదా గుండె పట్టుకుని సోఫాలో ఒరిగిపోతుంది.

అందుకే పాలగ్లాసమ్మ మూడు వారాలుగా ఫోటోగ్రాఫర్ కంట పడకుండా తప్పించుకు తిరుగుతోంది. అతను ముందు గేటు దగ్గర ఉంటే ఆవిడ వెనక గేటు నుంచి వస్తుంది. అతను భోజనాల గదిలోకి వస్తే ఆవిడకు ఉన్నట్టుండి ఆకలి చచ్చిపోతుంది. ఒకసారి విగ్గులు పెట్టే అల్మారా వెనక ఇరవై నిమిషాలు నిలబడింది. ఫోటో లేనిదే చంపలేరన్నది ఆవిడ ధీమా. నిజానికి ఆ ధీమాలో తర్కం లేకపోలేదు, ఆ కంపెనీలో ఫోటో సిద్ధం కాక ఒక తాతగారు నాలుగు నెలలు అదనంగా బతికాడు.

పాలగ్లాసమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పదకొండేళ్లపాటు మధ్యాహ్నం రెండు గంటల సీరియల్లో ఆవిడ గయ్యాళి అత్త. ఆ పదకొండేళ్లలో ముగ్గురు కోడళ్లకు తొమ్మిదిసార్లు పాలల్లో ఏదో ఒకటి కలిపి ఇచ్చింది. గ్లాసు అందిస్తున్నప్పుడు ఆవిడ కుడి కనుబొమ దానంతటదే పైకి లేచేది, కెమెరా దాని మీదికి మూడుసార్లు దూకేది, ఊరంతా ఊపిరి బిగబట్టేది. జనం ఆవిడ అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. లిఫ్టులోకి ఆవిడ ఎక్కితే తల్లులు పిల్లల్ని తమవైపు లాక్కునేవారు. కాఫీ హోటల్లో పక్క బల్లవాళ్లు తమ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

వాళ్లంటే బయటివాళ్లు. ఇంట్లో ఉన్నది వదినగారు, అంటే పోయిన భర్తకు అక్కగారు. బళ్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఎవరికీ ఒక మార్కు ఎక్కువ వేసి ఎరగదు. పదకొండేళ్లూ మరదలి పక్కనే కూర్చుని సీరియల్ చూసి, ప్రతిరోజూ చివర్లో ఒకే మాట అనేది, చాలా సహజంగా ఉందని. మొదట్లో పాలగ్లాసమ్మ దాన్ని మెచ్చుకోలు అనుకుంది. అది మెచ్చుకోలు కాదని అర్థమయ్యేసరికి రెండేళ్లు పట్టింది.

పాత సీరియల్ అయిపోయాక, వేరే కంపెనీవాళ్లు ఒంటిగంటన్నర సీరియల్లో మంచి అత్త వేషం ఇస్తామన్నారు. కోడలిని కన్నకూతురిలా చూసుకునే అత్త. ఆవిడకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ల తర్వాత ఒక్క మనిషైనా తనను మంచిదని నమ్మితే చాలనుకుంది. ఆ ఒక్క మనిషి ఎవరో పైకి చెప్పుకోలేదు గానీ, ఆ మనిషి రోజూ ఒంటిగంటన్నరకు తన పక్కనే సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంది. పదమూడు వారాలు చూస్తామని, రేటింగు రాకపోతే పాత్రను ఆపేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారు.

మొదటివారమే కొంప మునిగింది. కథ రాసేవాడు కుర్రాడు, పాత సీరియల్ చూసిన పాపాన పోలేదు. జ్వరంతో పడుకున్న కోడలికి అత్తగారు వేడి వేడి పాలు తెచ్చి ఇచ్చినట్టు రాశాడు. ఆవిడ ప్రాణం పెట్టి చేసింది, కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది. ఆ మధ్యాహ్నం స్టూడియోకు నాలుగు వందల ఫోన్లు వచ్చాయి. అన్నిటి సారాంశం ఒకటే, ఆ అమ్మాయిని పాలు తాగొద్దని చెప్పండి.

పాలు తీసేసి రొట్టె పెట్టారు. రొట్టెలో ఏముందని అడిగారు. ఆవిడ చేత ఏమీ ఇప్పించకుండా ఊరికే కోడలి తల నిమరమన్నారు. గొంతు దగ్గరికి చెయ్యి వెళ్తోందని ఒకావిడ ఉత్తరం రాసింది. మేకప్ మనిషి ఆ కనుబొమను జిగురు పెట్టి అణిచాడు, ఆవిడ ప్రేమగా మాట్లాడటం మొదలుపెట్టగానే అది జిగురుతో సహా లేచింది. ఆవిడ మెల్లగా మాట్లాడితే కుట్ర, గట్టిగా మాట్లాడితే పాత బుద్ధి, మాట్లాడకపోతే అదను కోసం చూస్తోంది.

సీరియల్లో ఆవిడకు మొగుడి వేషం వేసే ఆయన్ను అందరూ డాక్టరుగారు అనేవారు. ఆయన ఆరేళ్లు ఏదో సీరియల్లో డాక్టరు వేశాడు, ఇప్పటికీ జనం దారిలో ఆపి ఎక్స్‌రేలు చూపిస్తారు, ఆయనా వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తాడు. తర్వాత లాయరు వేషం ఇస్తే మూడు వారాల్లో ముగిసింది, కోర్టులో వాదిస్తూ ముద్దాయి నాడి పట్టుకున్నాడట. మనకు మొదట అతికిన ముఖం చర్మంతోగానీ ఊడదని ఆయన ఆవిడకు నచ్చజెప్పబోయాడు. ఆవిడ వినలేదు. డైలాగులు అద్దం ముందు చదువుకుంది, వదినగారి ముందు చదివింది.

వదినగారు బఠాణీల మీంచి తలెత్తకుండా, "బాగా నటిస్తున్నావు" అంది.

ఆవిడకు చెంప మీద కొట్టినట్టయింది.

పన్నెండో వారంలో దొరికిపోయింది. షూటింగ్ మధ్యలో లైట్లు సర్దుతున్నారు. కోడలు వేషం వేసే పిల్ల తెల్లవారకముందే వచ్చినట్టుంది, కుర్చీలో కూర్చుని స్క్రిప్టు ముఖం మీద వేసుకుని నిద్రపోతోంది. పాలగ్లాసమ్మ ఆ కాగితాలు మెల్లగా తీసి, ఫ్యాను అటువైపు తిప్పి, ఆ పిల్ల సన్నగా గురక పెట్టడం విని నవ్వుకుంది. క్లిక్‌మంది. తల తిప్పి చూసేసరికి ఫోటోగ్రాఫర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, తప్పు చేసినవాడిలా కెమెరా దించుకుంటూ.

శుక్రవారం తోటలో పూలకు నీళ్లు పోస్తూ చనిపోయింది. చివరిమాటలు కూడా ఇవ్వలేదు, ఏం మాట్లాడినా జనం అనుమానిస్తారని.

సోమవారం ఫోటో గోడకెక్కింది. పైన చిన్న బల్బు. కోడలు ఆ ఫోటో ముందు నిలబడి, అత్తయ్యా నేనిప్పుడు ఎవరికి చెప్పుకోను అని ఏడ్చింది, ఫోటో నవ్వుతూ విన్నది. ఫోటోకు కనుబొమ లేవదు. గురువారానికల్లా ఉత్తరాలు మొదలయ్యాయి, ఆ మహాతల్లిని అనవసరంగా అనుమానించామని. నెల తిరిగేసరికి అట్టడుగున ఉన్న సీరియల్ మూడో స్థానానికి వచ్చింది. ఇక డైరెక్టరు ఆగుతాడా? కోడలికి కష్టం వస్తే ఫోటో, సుఖం వస్తే ఫోటో. పన్నెండు వారాల్లో బతికున్న మనిషికి ఇచ్చినన్ని క్లోజప్పులు ఒక్క నెలలో ఆ ఫోటోకు ఇచ్చాడు.

పాలగ్లాసమ్మ పని లేక ఇంట్లోనే కూర్చుంది. ఒంటిగంటన్నరకు సోఫాలో ఒక పక్క వదినగారు, ఒక పక్క తను. ఒకరోజు ఫోటో కనబడగానే వదినగారు బఠాణీల పళ్లెం కింద పెట్టి కళ్లు తుడుచుకుంది.

"పాపం, ఎంత మంచిది. ఉన్నన్నాళ్లూ తెలుసుకోలేకపోయాం."

పాలగ్లాసమ్మ పక్కనే ఉన్నానని చెప్పలేదు. చెప్తే ఆ మాట వెనక్కి పోతుందేమోనని భయమేసింది. ఆ సాయంత్రం వంటింట్లో తనలో తనే నవ్వుకుంటూ తిరిగింది. బతికుండగా ఈ మాట వినే యోగం ఎంతమందికి ఉంటుంది అనుకుంది.

నాలుగు నెలలకు నిర్మాత స్వయంగా ఫోన్ చేశాడు. చనిపోయిన అత్తగారికి ఒక కవల చెల్లెలు ఉందట, ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదట, చెడ్డదట. రెండేళ్ల వేషం. పని లేకుండా కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుంది, ఆవిడ ఒప్పుకుంది. మొదటి సీను ఏమిటో స్టూడియోకు వెళ్లాకే తెలిసింది. చెల్లెలు ఇంట్లో అడుగు పెట్టి, ఎదురుగా గోడ మీద అక్క ఫోటో చూసి, దాన్ని తీసి నేలకేసి కొడుతుంది.

సీను కుదరకపోతే మళ్లీ తీయడానికి ఫ్రేములు మూడు చేయించి పెట్టుకున్నారు, టేకుకొకటి.

మొదటి టేకులో ఆవిడ ఫోటో దించి, తెలియకుండానే అరచేత్తో అద్దం మీది దుమ్ము తుడిచింది. డైరెక్టరు ఆపి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీరు చెడ్డావిడ. తుడవకూడదు."

రెండో టేకులో ఫ్రేము చేతిలోంచి జారిపడినట్టుగా పడింది. విసిరినట్టు లేదన్నారు. మూడో టేకులో ఫ్రేము ఎత్తినప్పుడు, అద్దం వెనక నవ్వుతున్న ఆ మనిషి తను ఎన్నడూ కాలేకపోయిన మనిషిలా కనబడింది, ఆవిడకు పట్టరాని కోపం వచ్చింది. బలం కొద్దీ నేలకేసి కొట్టింది. కనుబొమ దానంతటదే లేచింది. కోడలి వేషం పిల్ల నిజంగానే బావురుమంది. అందరూ చప్పట్లు కొట్టారు, డాక్టరుగారు లేచి నిలబడి మరీ కొట్టాడు. ఇన్నాళ్లకు అసలైన వేషం దొరికిందని డైరెక్టరు పొంగిపోయాడు. మేకప్ గదిలో తలుపేసుకుని ఆవిడ చాలాసేపు ఏడ్చింది.

రెండు వారాలకు ఆ భాగం వచ్చింది. వదినగారు చూసింది. అయిపోయాక టీవీ కట్టేసింది. మరదలి వైపు తిరిగింది.

"అంత మంచి మనిషి ఫోటో పగలగొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

అలా రాశారు వదినా అని చెప్పొచ్చు. అది నేనే కదా అని కూడా చెప్పొచ్చు. పాలగ్లాసమ్మ రెండూ చెప్పలేకపోయింది.

"నిజమే వదినా. చాలా మంచిది" అంది.

"నీకేం తెలుసు ఆవిడ సంగతి" అని వదినగారు పళ్లెం తీసుకుని లేచి లోపలికి వెళ్లిపోయింది.