తాతయ్య అడగని ముక్క

జూదశాలల ఊరు కాప్చగాయ్‌లో, కాసినోలకు ముక్కలు పంచే డీలర్లను తయారుచేసే గది టైర్ల కొట్టు పైన ఉంది. మా రౌషన్ అక్క అక్కడ రెండోసారి పరీక్షకు నిలబడింది. ఈసారి కూడా తప్పితే అమ్మతో పాటు హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో చేరాలి. అమ్మ వేళ్లు పగిలిపోయి ఉంటాయి. అక్కకు ఆ పని పేరెత్తితేనే భయం.

మొదటిసారి ముక్కల పంపకంలోనే పోయింది. డీలర్ తన ఎడమవైపు మొదటి కుర్చీతో మొదలుపెట్టాలి. ఆ రోజు చివరి కుర్చీలో ఎవరో ముసలాయన కూర్చున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ముందు టీ అందించినట్టు అక్క చెయ్యి ముందు ఆయన దగ్గరికే వెళ్లింది. "ఇది మీ ఇంటి విందు కాదమ్మాయ్" అంది గుల్షాత్ అపాయ్, అంటే నేర్పే టీచరమ్మ. అందుకే ఈసారి మా ఇంటి పెద్దాయన్నే తీసుకురమ్మని పట్టుబట్టింది.

పల్లె నుంచి తాతయ్య వచ్చాడు. పేకముక్కలంటే ఆయనకు అసహ్యం. అయినా మనవరాలి కోసం టోపీ సర్దుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. మొదటి కుర్చీలో నేను. మధ్యలో అక్కతో పాటు నేర్చుకుంటున్న సాకెన్. డబ్బు లేదు, ప్లాస్టిక్ బిళ్లలే.

అక్క మొదటి ముక్క నాకు వేసింది.

"చిన్నదానికి ముందా? నాకంటే దీనికి గడ్డం ఎక్కువ నెరిసిందా?" అన్నాడు తాతయ్య.

సాకెన్ పకపకా నవ్వాడు. అక్క తలెత్తలేదు.

ఆట సంగతి తాతయ్యకు పొద్దున్నే చెప్పాం. ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటితే పోయినట్టే, డీలర్ కంటే ఎక్కువ ఉండాలి. ఇంకో ముక్క కావాలంటే బల్ల మీద తట్టాలి, వద్దంటే చెయ్యి ఊపాలి. నోటిమాట చెల్లదు.

రెండేసి ముక్కలు పడ్డాక నాకు పంతొమ్మిది వచ్చింది, చెయ్యి ఊపాను. సాకెన్ కూడా ఆగాడు. తాతయ్యకు పదిహేను.

"ఏం చెయ్యనే తల్లీ? తీసుకోనా?"

డీలర్ సలహా చెప్పకూడదు. "చేత్తో చూపించండి, సార్" అంది అక్క.

"సారా? ఎవరే సారు? మంచులో నిన్ను గుర్రమెక్కించి బడికి తీసుకెళ్లింది సారేనా?"

"ఇక్కడ మీరెవరో తెలీనట్టు నటిస్తోంది తాతా" అన్నాడు సాకెన్.

తాతయ్య అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచాడు.

అది కోపమని గదిలో అందరికీ తెలుసు, కానీ ఆట లెక్కలో ముక్క అడిగినట్టే. గుల్షాత్ అపాయ్ మాత్రం అక్క చేతులవైపే చూస్తోంది. అక్క ఒక్క క్షణం ఆగి, ముక్క వేసింది. రాజు. అంటే పది. ఇరవై అయిదు. తాతయ్య ముక్కలూ బిళ్లలూ తనవైపు లాక్కుంది.

తర్వాత తన మూసిన ముక్క తిప్పింది. మొత్తం పదహారు. పదిహేడు వచ్చేదాకా డీలర్ తీసుకోవాల్సిందే, ఆగడం తన చేతిలో లేదు. తీసుకుంది. తొమ్మిది. తనూ దాటిపోయింది. నాకూ సాకెన్‌కూ బిళ్లలు పెట్టింది.

"నువ్వూ పోయావుగా. మరి నావి?" అన్నాడు తాతయ్య.

ముందు పోయినవాళ్లకు తిరిగి రాదు. కాసినో బతికేదే దాని మీద. అక్క బిళ్లలు సర్దుతోంది.

"నేను ముక్క అడగలేదే, రౌషన్. అడగలేదని నీకు తెలుసు."

అక్క ముక్కలన్నీ పోగుచేసింది. చప్పట్లు ఒకసారి చరిచి, ఏమీ దాచలేదని అరచేతులు తిప్పి చూపించింది. అలా చూపించనిదే డీలర్ బల్ల వదలకూడదు.

"పాసయ్యావు. సోమవారం నుంచి పనిలోకి రా" అంది గుల్షాత్ అపాయ్.

తాతయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఉద్యోగం వచ్చినట్టేనా?" నన్నడిగాడు, అక్కను కాదు.

వచ్చిందన్నాను.

"మంచిదే. మీ అమ్మకు చెప్పు."

మెట్ల దగ్గర అక్క పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకోబోయింది. తాతయ్య నా భుజం పట్టుకుని దిగాడు.