అక్షరాలు పెద్దవి చేసే చోటు

సెట్టింగుల సారుకు ఆ పేరు పెట్టింది స్నేహితులే. పగలు కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, డబ్బు పెట్టి కొనక్కర్లేని, చేతనైతే ఎవరైనా మార్చుకోగల ఒక డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కోసం, తనలాంటి వాళ్ల బృందంతో కలిసి పనిచేస్తాడు. జీతం లేదు, భత్యం లేదు. పంతం మాత్రం కావలసినంత. అందులో సెట్టింగుల పేజీ మొత్తం ఆయన చేతిపనే. తెరమీది కిటికీల అంచు మందం దగ్గర్నుంచి బాణం గుర్తు నీడ దాకా దేనికైనా అక్కడో మీట ఉంటుంది. ఎవరైనా "ఇది ఇబ్బందిగా ఉందండీ" అన్నారా, ఆ ఇబ్బందిని తీసేస్తాడనుకునేరు! అది ఉండాలా వద్దా అని అడిగే ఇంకో మీట పెడతాడు. అదేమిటయ్యా అంటే, స్వేచ్ఛ అంటాడు.

ఇంతలో వాళ్ల బృందంలోకి కొత్తగా ఓ డిజైనరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే, ఈ పేజీ తీసేసి రోజూ పనికొచ్చే నాలుగు మీటలతో కొత్తది పెడదామంది. సారు ఒంటికాలి మీద లేచాడు. ఏళ్ల తరబడి కన్నబిడ్డలా సాకిన పేజీ! వాదించుకుని వాదించుకుని అందరి గొంతులూ పోయాక ఒక ఒప్పందం కుదిరింది. కంప్యూటరు అంతగా అలవాటు లేని మనిషిని కూర్చోబెట్టి, అక్షరాలు పెద్దవి చెయ్యమనాలి. తెరమీద జరిగేదీ గదిలో వినిపించేదీ రికార్డు చేసి, ముక్క కత్తిరించకుండా అందరికీ పంపాలి. పని జరిగితే పేజీ ఉంటుంది, లేకపోతే పోతుంది.

"ఒక్కరితో ఏం తేలుతుందండీ? ఇంకో నలుగురిని చూద్దాం," అంది డిజైనరమ్మ.

"ఒక్కరు చాలు. నా పేజీకి భయమేంటి?" అన్నాడు సారు.

ఆ ఒక్కరూ ఎవరో కాదు, మామగారే. బస్సు డ్రైవరుగా రిటైరై, కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురింట్లో ఉన్నాడు. అల్లుడంటే ఆయనకు వల్లమాలిన ప్రేమ. చిక్కంతా అక్కడే వచ్చింది.

సారు వార్తల పేజీ ఒకటి తెరిచి, రికార్డింగు మొదలుపెట్టాడు. "మామయ్యగారూ, ఈ అక్షరాలు పెద్దవి చెయ్యండి. మనసుకు ఏం తోస్తే అది పైకి అనేయండి."

"దానికేం భాగ్యం బాబూ!" అన్నాడాయన.

సెట్టింగులు తెరిచాడు. ఒక పేజీలోంచి ఇంకో పేజీ, అందులోంచి మరొకటి. "అబ్బో, ఎన్ని పెట్టావు బాబూ! మనిషన్నవాడికి ఇంత ఓపికెక్కడిది!" అన్నాడు. సారు దాన్ని పొగడ్త అనుకున్నాడు. కానీ సరైన మీట దాకా వచ్చిన బాణం పక్కకు జారిపోతుంటే ప్రాణం విలవిల్లాడింది. నోరు జారితే పరీక్ష చెల్లదు. ఇక కూర్చోలేక, మంచినీళ్ల వంకతో లేచి, వీధి చివరి దాకా నడిచొచ్చాడు.

తిరిగొచ్చేసరికి తెరమీద అక్షరాలు ఎంతెంత లావున ఉన్నాయని!

"దొరికిందా మామయ్యగారూ?"

"దొరక్కేం బాబూ! నువ్వు చేసిందాయె."

సారు సంబరం చూడాలి! ఆ రికార్డింగును తాను మళ్లీ చూడనైనా చూడకుండా అందరికీ పంపి, కింద "ఇక మాటలెందుకు?" అని రాశాడు.

మర్నాడు సాయంత్రం బృందమంతా ఎవరి ఇళ్లలో వాళ్లు కంప్యూటర్ల ముందు చేరి, దాన్ని కలిసి చూశారు. సారు వీధిలోకి వెళ్లిన కాసేపటికి మామగారి గుసగుస వినిపించింది.

"అమ్మాయ్, ఇటు రా. మెల్లగా. ఇందులో నాకేదీ అంతుపట్టడం లేదే. రాదంటే పాపం చిన్నబుచ్చుకుంటాడు."

"కంట్రోల్ నొక్కి ప్లస్ కొట్టు నాన్నా. మా బ్యాంకులో అందరం అంతే. ఆయన పేజీ నాకూ అర్థం కాదు."

"మరి చెప్పకపోయావా?"

"ఒకసారి చెప్పాను. ఇంకో మీట పెట్టిచ్చారు. మళ్లీ చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. డిజైనరమ్మ మెల్లగా, "అందులో పనికొచ్చేవి కొన్ని ఉంచుదాం సార్," అంది. ఆ జాలి సారుకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"తీసేయండి," అన్నాడు. అని, తానే తీసేశాడు. అన్నేళ్ల పని పోవడానికి నిమిషం పట్టలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. తన గొంతు తానే విన్నట్టున్నాడు. "నా మూలంగా పోయిందా బాబూ?"

"మీ మూలంగా కాదు మామయ్యగారూ. మీరు మర్యాదకు అన్నారు, నేను నిజమనుకున్నాను."

భార్య ముందుగదిలో బట్టలు మడతపెడుతోంది. సారు వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒకసారి చెప్పానన్నావే, అప్పుడేం చెప్పావు?"

"గుర్తులేదు లెండి."

"పోనీ, ఇప్పుడు ఏమేం ఇబ్బందిగా ఉన్నాయో చెప్పు."

"కోపం తెచ్చుకోరుగా?"

"తెచ్చుకోను."

ఆమె మడతపెడుతున్న చొక్కా పక్కన పడేసి, కాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. కంప్యూటరు సంగతులు కాసేపట్లోనే అయిపోయాయి. ఆమె మాత్రం ఆగలేదు.